కడిగిన తోడు గిన్నె

తొట్టి తయారు కావడం లేదు. విరూపాక్షకు తిండి సహించడం లేదు.

ఆశ్రమం వరండాలో పెట్టిన అద్దాల తొట్టి అది. మొదటిసారి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందో. రోజూ పొద్దున్నే గాజు గొట్టంలోకి కాసిని నీళ్ళు తీసి మందు చుక్కలు వేస్తాడు. రంగు పసుపుగా ఉంటే క్షేమం, ఆకుపచ్చకు తిరిగితే విషం. రోజూ ఆకుపచ్చే.

కొండ మీద తిప్పయ్యస్వామి ఆశ్రమంలో చేపల తొట్టికేం పని అనిపించవచ్చు. అది చేపలకు కాదు, రెండు ఆక్సొలాటల్స్‌కి. బల్లికీ చేపకీ మధ్య రకం జీవాలు. లేతగులాబి రంగు ఒళ్ళు, తలకు రెండు పక్కలా ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మొహం. ఎవరో మోజుపడి కొని, పెంచలేక వదిలేస్తే మదనపల్లె కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే వసుంధర తెచ్చుకుంది. వాటికి చల్లటి నీళ్ళు కావాలి. ఎండలు ముదిరేసరికి ఊళ్ళో నీళ్ళు వేడెక్కిపోతున్నాయని కొండెక్కి వచ్చి స్వామిని బతిమాలుకుంది.

ఎలా చెయ్యాలో విరూపాక్షకు ఆమే చెప్పింది. "తొట్టిలో రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనీండి. దాంట్లో అమ్మోనియా అనే విషం పుడుతుంది. ఆ విషాన్ని తినే సూక్ష్మజీవులు ఇదిగో, ఈ గాలి బుడగల స్పాంజిలో చేరి కాపురం పెట్టాల. దాన్నే సైకిల్ అంటాం. అదయ్యేదాకా వీటిని టబ్బులోనే ఉంచి, టబ్బు నీళ్ళు రోజూ మార్చండి."

ఆశ్రమంలో శిష్యుడిగా చేరిన విరూపాక్ష అదే సమయంలో స్వామిని ఉపదేశం అడుగుతున్నాడు. "నా మనసు తోమిన చెంబు మాదిరి ఉండాది స్వామీ. ఇంకేమిటికి ఆలస్యం?" అన్నాడొకరోజు. స్వామి అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఆ జీవాలు తొట్టిలో దిగినాక చూద్దాం నాయనా" అన్నాడు.

అంతే, విరూపాక్ష నడుం బిగించాడు. అర్చకుల ఇంట పుట్టినవాడు. ఇత్తడి సామాను చింతపండు పెట్టి తోమాడంటే అందులో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. శుభ్రత అతనికి తాతల నుంచి వచ్చింది. గర్వం కూడా దాని చెయ్యి పట్టుకునే వచ్చింది.

వేసిన మేత మర్నాటికి వాసన కొట్టేది. స్పాంజి మీద జిగురుగా ఏదో పట్టేది. అతనికి ఒళ్ళు జలదరించేది. నీళ్ళన్నీ పారబోసి, అద్దాలు రుద్ది, స్పాంజిని వేణ్ణీళ్ళలో నిమ్మచెక్క వేసి పిండి, కొత్త నీళ్ళు నింపి, మళ్ళీ చిటికెడు మేత వేసేవాడు. వేళ్ళు ఒరుసుకుపోయినా మానలేదు. పట్టుదలలో అతనికి వంక పెట్టడానికి లేదు.

ఈలోపు టబ్బులో ఒక జీవం డీలా పడింది. మొప్పలు పాలిపోయాయి. తోక కొస కొక్కెంలా వంకర తిరిగింది. వానపామును నోటి ముందు ఆడించినా తల తిప్పుకుంది. వానపాములంటే ఆమడ దూరం పరిగెత్తే విరూపాక్ష, దానికోసం పాదుల్లో మట్టి తవ్వి తన చేత్తోనే ఏరుకొస్తున్నాడు. అది తినకపోయేసరికి అతనికి నిజంగా భయం వేసింది. చచ్చిపోతుందేమో. తన చేతుల్లోనే చచ్చిపోతుందేమో.

స్వామి దగ్గరికి పరిగెత్తాడు.

"స్వామీ, నేను వదలను. రేపట్నుంచి పొద్దునా సాయంత్రం రెండుసార్లు కడుగుతా."

"కడిగేది ఏమిటికి నాయనా?"

"విషాన్ని తిని ఇంకొకరి ప్రాణం కాపాడే జీవులు స్వామీ అవి. అంత పుణ్యజీవులు పాచి పట్టిన కొంపకు వస్తాయా? ఇల్లు అద్దం మాదిరి ఉంటేనే కదా వచ్చేది?"

స్వామి గడ్డం గోక్కున్నాడు. వంటింటి వైపు తిరిగి, "నరసమ్మా, ఈ పొద్దు పెరుగు నేను తోడేస్తా" అన్నాడు.

వంటమనిషి నరసమ్మ వింతగా చూసి, తోడు గిన్నె ఆయన ముందు పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం పంక్తిలో చివరి అన్నం వడ్డించారు. విరూపాక్షకు పెరుగు లేనిది భోజనం కాదు. గుంట చేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. నరసమ్మ వచ్చి పోసింది. అన్నంలోంచి జారి విస్తరంతా పారింది.

"ఇవి పాలు కదమ్మా!"

"నన్నడగొద్దు. అదో, ఆయన్నడుగు" అని నరసమ్మ విసురుగా వెళ్ళిపోయింది.

స్వామి పాలన్నం జుర్రుకుంటూ తీరిగ్గా చెప్పాడు. "తోడు గిన్నె చూసినా నాయనా. అంచులకంతా తెల్లగా పట్టుకోని, పుల్ల కంపు కొడతా ఉన్నింది. చింతపండేసి నున్నగా తోమినా. కాచిన పాలు దాంట్లోనే పోసినా. ఇదో, మొగం కనపడతాది చూడు."

పక్కనున్న గిన్నె ఎత్తి అతనికి చూపించాడు.

విరూపాక్షకు అందులో తన మొహం కనిపించింది. కలిపిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పంక్తిలో అందరూ నవ్వుతున్నా అతనికి వినపడలేదు.

ముద్దను విస్తట్లో పెట్టేశాడు. "ఇప్పుడెట్ల స్వామీ?"

"తోడు పోగొట్టుకున్నోళ్ళు ఏం చేస్తారు? ఇంకో ఇంటికి పొయ్యి అడుక్కుంటారు."

విరూపాక్ష ఎంగిలి విస్తరి తీసి, చెయ్యి కడుక్కుని, కొండ దిగే బస్సెక్కాడు.

వసుంధర తలుపు తీయగానే అడిగింది. "ఇన్నాళ్ళూ ఏం చేస్తా ఉండారు? ఈపాటికి అయిపోవాల్నే?"

"కడిగినానమ్మా" అన్నాడు తల వంచుకుని.

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంట్లో పాత చేపల తొట్టి ఉంది. అందులోని స్పాంజిలోంచి ఒక ముక్క కోసి, ఆ నీళ్ళతోనే కవర్లో పోసి ఇచ్చింది. మట్టి రంగు, బురద వాసన. ముట్టుకుంటే జారిపోయేంత జిగురు. విరూపాక్ష దాన్ని ఒళ్ళో పెట్టుకుని, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. ఆశ్రమం చేరగానే, స్నానం మాట తలపెట్టకుండా, ఆ ముక్కను తొట్టిలోని స్పాంజికి కట్టాడు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. తోమడం అతనికి చేతనవును. తోమకుండా ఉండటం చేతకాదు. అద్దాల మీద మసక పేరుకుంది. స్పాంజి గోధుమ రంగుకు తిరిగింది. పొద్దున లేస్తే చేతులు దురదపెట్టేవి. తొట్టి ముందు బాసింపట్టు వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు. నరసమ్మ చూసి, "పాపం, ఎవురైనా కట్టేసినారా అబ్బోడా?" అని పోయేది. తొట్టిలో చిటికెడు మేత వెయ్యడం, టబ్బు నీళ్ళు మార్చడం, పాదుల్లో మట్టి తవ్వడం మాత్రం ఒక్కరోజూ మానలేదు.

ఒకనాడు గొట్టంలో ఆకుపచ్చ లేదు. పసుపు. మర్నాడూ పసుపే. వసుంధర వచ్చి తన పద్ధతిలో ఇంకోసారి చూసుకుని తలూపింది.

రెండింటినీ తొట్టిలోకి దించారు. డీలాపడిన జీవం అడుగున చాలాసేపు కదలకుండా పడుకుంది. విరూపాక్ష అక్కడినుంచి లేవలేదు. ఎండ వరండా దాటిపోయే వేళకు దాని మొప్పలు ఒక్కసారి విచ్చుకున్నాయి. మరో రెండు పొద్దులకు లేత ఎరుపు తిరిగింది. అతని వేళ్ళ మధ్యనున్న వానపామును గబుక్కున లాక్కుంది. విరూపాక్ష ఏడ్చేశాడు.

ఆ చేతులు కూడా కడుక్కోకుండానే స్వామి ముందుకు వచ్చి నిలబడ్డాడు. గోళ్ళ నిండా మట్టి.

"జీవాలు దిగినాయి స్వామీ."

"ఊ. మరి తోమిన చెంబో?"

విరూపాక్ష తన గోళ్ళలోని మట్టి చూసుకున్నాడు.

"అది తోమిన చెంబు కాదు స్వామీ. కోపం ఉండాది, గర్వం ఉండాది. పాచి పోలేదు."

స్వామి తన చాప మీద కాస్త పక్కకు జరిగాడు.

"కూర్చో నాయనా. తోడేస్తా."