చెమర్చిన గుడారం

లంబసింగి పైన, కొండ అంచున, లోకనాథం గుడారాల విడిది పెట్టి నలభై రోజులైంది. మెత్తటి పరుపులు, రంగురంగుల దీపాలు, పొద్దున్నే కాళ్ల దగ్గరికొచ్చి పడుకునే మబ్బులు. చలికాలమంతా కొత్త జంటలు వస్తాయని ఎన్ని కలలు కన్నాడో!

వచ్చాయి. తడిసి ముద్దై వెళ్లాయి.

తెల్లారేసరికి గుడారం లోపల చినుకులు. మంచే దూరుతోందనుకుని లోకనాథం కిటికీలు కుట్టేశాడు. సందుల్లో పాత చీరలు కుక్కాడు. పైన ఇంకో పట్టా కప్పాడు. ఎంత బిగిస్తే అంతగా కురిసింది.

ఆ ఉదయం ఆఖరి జంట కూడా ప్రయాణం కట్టింది.

"దుప్పటి పిండితే బిందె నిండుతుంది బావా," అంది కొత్త పెళ్లికూతురు మొగుడితో, కారెక్కుతూ. తర్వాత లోకనాథం వైపు తిరిగింది. "గొడుగు తెచ్చుకోమని ముందే చెప్పొద్దూ!"

కారు ఘాట్ రోడ్డు మలుపు తిరిగేదాకా లోకనాథం అక్కడే నిలబడిపోయాడు. తర్వాత, కాఫీ తోట వెనక గుడిసెలో ఉండే తన గురువు కరీముల్లా బాబా దగ్గరికి పరుగెత్తాడు.

"గుడారాలన్నీ దించేస్తున్నా బాబా. ఇవాళే. నాకు ఏదీ చేతకాదు. బతకడం కూడా."

బాబా లేచి, అతని వెంట వచ్చాడు. ఖాళీ గుడారంలోకి వంగి వెళ్లి, తలగుడ్డ విప్పి, గోడలన్నీ పొడిగా తుడిచాడు. తలుపు బిగించి, శిష్యుడి ఎదురుగా కూర్చున్నాడు.

"ఊఁ. ఇప్పుడు చెప్పు."

లోకనాథం చెప్పాడు. చలికి పగిలిన చేతుల గురించి, రెండో రాత్రి ఉండకుండా పోయిన ప్రతి మనిషి గురించి, సంతలో తనను చూసి నవ్వేవాళ్ల గురించి. చెబుతూ చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎంతసేపో తెలీదు.

ముక్కు మీద చల్లగా ఒక బొట్టు పడింది.

తలెత్తాడు. తుడిచిన గోడలు మళ్లీ చెమర్చి ఉన్నాయి.

"బయట మంచు ఎప్పుడో విడిపోయింది," అన్నాడు బాబా. "మరి ఈ తడి ఎక్కడిది?"

లోకనాథం గోడకు చెయ్యి ఆనించాడు. తన నిట్టూర్పులే వేళ్ల మీదుగా జారాయి.

బాబా లేచి కిటికీ కుట్లు పటపటా తెంపాడు. చీరలు లాగి అవతల పారేశాడు. గాలి ఒక్కసారిగా ఎముకలదాకా దిగింది.

"అమ్మో, చలి బాబా! చచ్చిపోతాం!"

బాబా తను కప్పుకున్న కంబళి తీసి అతనికి చుట్టాడు.

"ఇప్పుడు ఏడువు నాయనా," అన్నాడు. "ఎంతసేపైనా."