మంత్రిగారి తెల్ల పంచె

కోటకు సున్నం కావాలని రాజుగారు చాకిరేవు పేట పక్కన బట్టీ పెట్టించబోయారు. పేటకు కీడేమైనా ఉందేమో చూసిరమ్మని మంత్రి విరూపాక్షయ్యను పంపారు. ఆయన పరీక్షకని ఒకరోజు చిన్న బట్టీ కాల్పించి, పల్లకీ దిగకుండానే చూసి, "పొగంతా ఆకాశానికే పోతుంది, పేటలో నలుసైనా పడదు" అని తాటాకు మీద రాసిచ్చాడు.

మర్నాడు అదే మంత్రి మసిబారిన పంచె పట్టుకుని సభలోకి ఊగిపోతూ వచ్చాడు. వెనకే భటులు బట్టలుతికే నూకాల్ని తెచ్చారు.

"ప్రభూ, నా పంచెకు మసి పూసిందిది! కొరడాతో కొట్టించండి."

"నేను పూయలేదు మారాజా," అంది నూకాలు. "నిన్న తెల్లగా ఉతికి, ఎప్పటిలాగే మా వాకిట్లో ఆరేశాను. నలుసు పడదని మంత్రిగారే అన్నారు కదా అని లోపలికి తియ్యలేదు."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు.

"పడితే మళ్లీ ఉతకొద్దూ?" అన్నాడు మంత్రి తడబడి.

"పంచెదేముంది బాబూ, ఉతుకుతాను. మా పిల్లల ఊపిరితిత్తుల్ని ఏ బండ మీద ఉతకను?"

రాజుగారు ఆ తాటాకు తెప్పించి విరిచేశారు. బట్టీకి వేరే చోటు చూసిరమ్మని ఈసారి నూకాల్నే పంపారు.

ఆమె ఒక తెల్లగుడ్డ భుజాన వేసుకుని, నడిచే వెళ్లింది.