నీళ్ల మీద పొయ్యి

అనగనగా అనే మాట కూడా ఇంకా పుట్టని రోజుల్లో ముత్తేరు అని ఒక పెద్ద సరసు ఉండేది. ఊ కొట్టేవాళ్లు కొట్టండి. నిద్రొచ్చేవాళ్లు నిద్రపోండి, ఈ కథ నిద్రలో విన్నా తప్పులేదు. సగం మంచులోనే జరిగింది మరి.

ఆ సరసు ఎంత పెద్దదంటే, ఈ ఒడ్డున తెల్లవారి అన్నం ఉడికాక గాని ఆ ఒడ్డున కోడి కూసేది కాదట. అబద్ధమే అనుకోండి, కథకి ఆ మాత్రం ఉండాలి. సరసు నిండా దిబ్బలు. దిబ్బకో ఊరు. దిబ్బకీ దిబ్బకీ మధ్య నీళ్లు, కిక్కిస పొదలు, గూడబాతులు.

ఆ దేశానికి రాజు లేడు. మహాసభ ఉండేది. అయిదు వానాకాలాలకోసారి ముత్తేరు జనమంతా కలిసి ఒక మనిషిని ఎంచి ఆ సభకు పంపేవాళ్లు. ఎంచడం ఎలాగంటారా? నడిదిబ్బ మీద తడకలతో పాక వేసి లోపల, సభకు పోతామని నిలబడ్డ మనిషికొకటి చొప్పున, మూడు కుండలు పెట్టేవాళ్లు. ఒక కుండ మీద చేప బొమ్మ, ఒక కుండ మీద గొడుగు బొమ్మ, ఒక కుండ మీద గంట బొమ్మ. మనిషికో చింతపిక్క. పాకలోకి ఒక్కరే వెళ్లాలి, నచ్చిన కుండలో వేసి రావాలి. ఏ కుండలో వేశావని కట్టుకున్నవాడు కూడా అడగకూడదు.

పాక ముందు కుండల పెద్ద నరసింగరాయుడు కూర్చునేవాడు. ఎవరొచ్చినా మూడు ప్రశ్నలు అడిగేవాడు.

"పద్దెనిమిది వానలు చూశావా?"

"ఈ నీళ్లే తాగుతున్నావా?"

"నీ పొయ్యి ఏ దిబ్బ మీద?"

మూడింటికీ జవాబు చెబితే చేతిలో పిక్క పెట్టేవాడు. కలవాడికీ ఒకటే పిక్క, లేనివాడికీ ఒకటే పిక్క. మగవాడికీ ఒకటే, ఆడదానికీ ఒకటే. ఆ విషయంలో రాయుడు మహా నిక్కచ్చి. మనిషి మంచివాడే. మంచివాళ్లు మరీ నిక్కచ్చిగా ఉంటే వచ్చే చిక్కే ఈ కథ.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పిక్కలు వేసే రోజు తెల్లవారుతూనే చలమయ్య అనే ముసలాయన మంచె ఎక్కి, ఎక్కడెక్కడ పొగ లేస్తుందో చూసేవాడు. పొగ లేచిందంటే అక్కడ మనుషులున్నట్టే కదా. పొగ లేచిన ప్రతి దిబ్బకూ ఒక గవ్వ పక్కన పెట్టేవాడు. ఆ దిబ్బవాళ్లు వచ్చి పిక్కలు వేశాక గవ్వ తీసేసేవాడు. ఒక్క గవ్వ మిగిలినా కుండలకు మూత వెయ్యకూడదు. ఎంత పొద్దుపోయినా ఆగాల్సిందే.

ఆ ముత్తేరు మీద నూకాలు అనే పడవమనిషి ఉండేది. వాళ్లమ్మ ఆమెను నావలోనే కన్నది. వాళ్లయ్య నావలోనే పోయాడు. ఆ నావకు తాటాకు కప్పు, కప్పు కింద చాప, చాప పక్కన మట్టిపొయ్యి. అదే ఆమె ఇల్లు, అదే ఆమె ఊరు. పిక్కల రోజు వస్తే తెల్లవారకముందే గెడ పట్టేది. దిబ్బ దిబ్బకూ తిరిగి ముసలివాళ్లను, నిండు చూలాళ్లను, చంటిబిడ్డల తల్లులను ఎక్కించుకుని నడిదిబ్బ దగ్గర దింపేది.

ఈడొచ్చిన ఏడాది నూకాలు తానూ వరసలో నిలబడింది.

"పద్దెనిమిది వానలు చూశావా?"

"చూశానండి. అన్నీ తడిసే చూశాను."

"ఈ నీళ్లే తాగుతున్నావా?"

"తాగుతున్నానండి. వీటి మీదే పడుకుంటున్నాను కూడానండి."

"నీ పొయ్యి ఏ దిబ్బ మీద?"

"దిబ్బ మీద కాదండి. నావలో ఉందండి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రాయుడు మాత్రం నవ్వలేదు.

"దిబ్బ అంటే కదలనిది. నువ్వు ఇవాళ ఇక్కడ ఉంటావు, రేపు ఎక్కడో ఉంటావు. నిన్ను ఏ దిబ్బ లెక్కలో వెయ్యమంటావు? పో," అన్నాడు.

నూకాలు వెళ్లిపోయింది. పొద్దున ఆమె నావలో వచ్చినవాళ్లే సాయంత్రం ఆమె నావలో తిరిగి వెళ్లారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఇక్కడికొచ్చేసరికి నాకు వాళ్ల మీద కోపం వస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా వస్తుంది.

అయిదు వానాకాలాలు గడిచాయి. ఈసారి నూకాలు ముందురోజే ఒక దిబ్బ అంచున, ఎవరికీ అడ్డం లేని చోట పొయ్యి దింపి అంటించింది. ఆ దిబ్బ ఆసామి వచ్చాడు. "ఎవరి మట్టి మీద పెట్టావే పొయ్యి?" అని కాలితో నీళ్లలోకి తోసేశాడు.

మర్నాడు రాయుడు అడిగాడు.

"నీ పొయ్యి ఏ దిబ్బ మీద?"

"నిన్న కాసేపు ఒక దిబ్బ మీద ఉందండి."

"ఇప్పుడో?"

"ఇప్పుడు నీళ్లడుగున ఉందండి."

"పో," అన్నాడు రాయుడు.

ఆ సాయంత్రం పుల్లమ్మ అనే ముసలామెను ఇంటికి దింపుతూ నూకాలు మనసులో మాట చెప్పింది. "సభలో ఏం మాట్లాడుకుంటారో నాకు తెలీదు పిన్నీ. సరసంతా ఒక్కచోట దిగే రోజది. నేను దించేదాన్నే గాని దిగేదాన్ని కాదు. చచ్చేలోగా ఒక్కసారి అక్కడ దిగాలనుంది."

"దిగుతావులేవే," అంది పుల్లమ్మ.

మళ్లీ అయిదు వానాకాలాలు గడిచాయి. మూడోసారి పిక్కల రోజు మంచులో తెల్లవారింది. గెడ పట్టుకున్నవాళ్లకి గెడ కొస కనపడని మంచు. నీళ్లు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. గూడబాతులు ఈదుతున్నాయో ఎగురుతున్నాయో వాటికే తెలియదు. సరసు ఇంకా లేవలేదు, కల కంటోంది అనిపించేలా ఉంది.

ఆ మంచులో నావ నడపలేక నూకాలు గెడ దించి నీళ్ల నడుమ ఆగిపోయింది. ఊరికే కూర్చోవడం ఎందుకని పొయ్యి అంటించి గంజి కాచుకుంది. మంచె మీది చలమయ్యకు కింద ఏమీ కనపడలేదు. మంచు పైకి లేచిన పొగలు మాత్రం కనపడ్డాయి. తూర్పు దిక్కున ఒక పొగ కొత్తగా ఉంది. ఆయన కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. పొగే. ఒక గవ్వ తీసి పక్కన పెట్టాడు.

పొద్దెక్కింది, మంచు విడిపోయింది. జనం వచ్చారు, పిక్కలు వేశారు, వెళ్లారు. పొద్దు వాలేసరికి చలమయ్య ముందు ఒక్క గవ్వ మిగిలింది.

"ఎవరు రాలేదయ్యా?" అన్నాడు రాయుడు.

"తూర్పు దిబ్బవాళ్లు."

"తూర్పున దిబ్బ లేదు కదా?"

"పొగ లేచింది. నా కళ్లతో చూశాను. నీళ్లకు పొగ రాదు కదా, రాయుడూ!"

ఇక చూడండి. లేదన్న దిబ్బకు అప్పటికప్పుడు సాక్షులు పుట్టుకొచ్చారు. మంచు పడినప్పుడే పైకి తేలే దిబ్బ ఒకటి ఉందని మా నాయనమ్మ చెప్పిందన్నాడు ఒకడు. దాని మీద కొబ్బరిచెట్లు నీళ్లలోకి తలకిందులుగా పెరుగుతాయన్నాడు ఇంకొకడు. చిన్నప్పుడు తోవ తప్పి అక్కడ భోంచేశాననీ, గుత్తివంకాయ కూర వడ్డించారనీ అన్నాడు మూడోవాడు. దిబ్బ సంగతి ఏమోగాని వంకాయ కూర మాట వినేసరికి అందరికీ ఆకలి పుట్టింది.

దిబ్బను వెతకాల్సిందే అన్నారు. నావ ఎవరిది? నూకాలిది. నరసింగరాయుడూ ఇద్దరు పెద్దలూ ఎక్కి కూర్చున్నారు.

"ఎటు తిప్పమంటారండీ?"

"కనపడని దిబ్బకి."

"అదెటుందండీ?"

"తెలిస్తే వెతకడం ఎందుకే?"

నూకాలు గెడ వేసింది. తూర్పుకు వెళ్లారు, నీళ్లు. ఇంకా తూర్పుకు వెళ్లారు, నీళ్లు. కిక్కిస పొదల వెనక్కి వెళ్లారు, అక్కడా నీళ్లే. పెద్దలు నీరసించి కప్పు కింద కూలబడ్డారు.

"పొద్దుట్నించి తమరు ఏమీ తిన్నట్టు లేరు. నాలుగు మెతుకులు పడేస్తాను, ఉండండి," అని నూకాలు పొయ్యి రాజేసింది. అన్నం వండి జెల్లచేపల పులుసు పెట్టింది. గాలి లేదు. పొగ నిలువునా లేచింది. పెద్దలు తిన్నారు, అడిగి మళ్లీ పెట్టించుకున్నారు.

అంతలో నడిదిబ్బ మీద డప్పు మోగింది. మంచె మీద చలమయ్య తలగుడ్డ విప్పి ఊపుతున్నాడు. సాయంత్రం పూట నీళ్ల మీద మాట ఎంత దూరమైనా వస్తుంది.

"అదిగో దిబ్బ! పొగ లేచింది! అక్కడే!"

పెద్దలు దిగ్గున లేచారు. నావ ఒరిగింది. "ఎక్కడ? ఎక్కడ?" అని నాలుగు దిక్కులూ చూశారు.

"అక్కడే! మీరున్న చోటే!"

నరసింగరాయుడు పొగ వంక చూశాడు. పొయ్యి వంక చూశాడు. చేతిలో ఉన్న విస్తరి వంక చూశాడు. తిరిగొచ్చేదాకా మళ్లీ తల ఎత్తలేదు.

నడిదిబ్బ దగ్గర జనమంతా గుమిగూడి ఉన్నారు. సంగతి తెలిసి పగలబడి నవ్వారు. "పొరపాటున పడిన గవ్వ అది, తీసెయ్యి తాతా," అన్నాడు ఒక ఆసామి. నూకాలు పొయ్యిని నీళ్లలోకి తోసినవాడే.

చలమయ్య గవ్వ మీద చెయ్యి పెట్టాడు. "పొగ నిజం. పొయ్యి నిజం. పొయ్యి దగ్గర మనిషి నిజం. ఇందులో పొరపాటు ఏదో చెప్పు, తీసేస్తాను."

ఆసామి జనంలోకి వెనక్కి తగ్గాడు.

నరసింగరాయుడు తన చోట కూర్చున్నాడు. "రా, నూకాలూ," అన్నాడు. పద్దెనిమిది వానలు చూశావా అని అడిగాడు. చూశానంది. ఈ నీళ్లే తాగుతున్నావా అని అడిగాడు. తాగుతున్నానంది. మూడో ప్రశ్నకు ఆయన గొంతు తగ్గింది.

"నీ పొయ్యి ఏ దిబ్బ మీద?"

"దాని మీద వండింది తమరు ఇప్పుడే తిన్నారు కదండీ. తమరే చెప్పండి."

రాయుడు ఒక పిక్క ఏరి తీశాడు. తర్వాత, "నీళ్ల మీద," అన్నాడు. "నీ పొయ్యి నీళ్ల మీద. ఆ నీళ్లు ముత్తేరువి." అని ఆమె అరచేతిలో పిక్క పెట్టాడు.

నూకాలు పాకలోకి వెళ్లింది. ఒక్క పిక్క వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? చాలాసేపే పట్టింది. అప్పుడు లోపల టక్కుమంది. ఆమె ఏడుస్తూ వచ్చింది, నవ్వుతూ కూడా వచ్చింది. ఏ కుండలో వేశావే అని ఒకావిడ ఉండబట్టలేక అడిగేసింది. "పులుసులో చింతపండు ఎంత వేశానో చెబుతాను గాని అది మాత్రం చెప్పను," అంది నూకాలు. చలమయ్య గవ్వ తీశాడు, కుండలకు మూతలు పడ్డాయి.

ఆనాటి నుంచి మూడో ప్రశ్న మారిపోయింది. ఏ దిబ్బ మీద అని అడగడం మానేసి, నీ పొయ్యి ఎక్కడ అని అడిగేవాళ్లు. నావలో అన్నా సరే, గొర్రెల మంద వెనక అన్నా సరే, ఉప్పుమడి గట్టు మీద అన్నా సరే.

నూకాలు అక్కడితో ఊరుకునే మనిషి కాదు. పుల్లమ్మ మంచం పట్టింది. నూకాలు రాయుడి దగ్గరికి వెళ్లి, "పొయ్యి కదలొచ్చని ఒప్పుకున్నారు. కుండ ఎందుకు కదలకూడదండీ?" అని అడిగింది. మరుసటిసారి కుండలు ఆమె నావెక్కి పుల్లమ్మ మంచం దగ్గరికి వెళ్లాయి. చుట్టూ తడక కట్టి అందరూ అవతలికి నడిచారు. పొలిమేరలో కాపలాకి పోయినవాళ్ల మాటేమిటని ఇంకోసారి అడిగింది. వాళ్లకు మోదుగాకు వెళ్లింది. నచ్చిన బొమ్మ ఆకు లోపల గీసి, పిక్కను అందులో చుట్టి, లక్క అంటించి, నమ్మకస్తుడి చేత పంపేవాళ్లు. కాళ్లున్నవాళ్లకు దారి, కాళ్లు లేనివాళ్లకు కుండ, దూరాన ఉన్నవాళ్లకు ఆకు అని సామెత పుట్టింది.

ఏళ్లు గడిచాయి. చలమయ్య పోయాడు, మంచె మీదికి ఇంకొకరు ఎక్కారు. రాయుడి నడుము వంగింది. నూకాలు ముసలిదైపోయింది, జనాన్ని దించే పని పడుచువాళ్లకు వదిలేసింది.

ఒక పిక్కల రోజున పొద్దుగుంకే వేళకు గవ్వలన్నీ అయిపోయాయి. మూతలు తెమ్మన్నారు.

"నూకాలు రాలేదు," అన్నాడు రాయుడు.

"పొద్దున ఆమె పొగ లేవలేదండి. గవ్వ పెట్టలేదు. కట్టు ప్రకారం ఆగక్కర్లేదండి," అన్నాడు మంచె మీది కొత్తవాడు.

"కట్టు నాకు నేర్పుతావురా?" అని రాయుడు లేచాడు. ఒక పిక్క తీసుకుని మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు.

"నూకాలూ!" అని పిలిచాడు. నీళ్లు కదల్లేదు.

"నూకాలమ్మా!" అని పిలిచాడు. కిక్కిసలోంచి కొంగలు లేచి వెళ్లిపోయాయి.

"అమ్మా! నీ పిక్క నా చేతిలో ఉందమ్మా, రా!" అని పిలిచాడు. మంచు వచ్చింది గాని మనిషి రాలేదు.

మర్నాడు పొదల్లో నావ దొరికింది. నూకాలు చాప మీద పడుకుని ఉంది. ముందురోజు తెల్లవారకముందే పోయినట్టుంది. పొయ్యిలో పుల్లలు పేర్చి ఉన్నాయి, నిప్పు పెట్టలేదు.

పోయినవాళ్లకు పిక్క లేదు. అది కట్టు, మంచి కట్టే. రాయుడు ఆ పిక్కను ఏ కుండలోనూ వెయ్యలేదు. నావ అంచున కూర్చుని, "నేను పిలిచినప్పుడు ఈమె లేదు," అన్నాడు. "ఉన్నప్పుడు రెండుసార్లు నా ఎదటికే వచ్చి నిలబడింది. పొమ్మన్నాను." ఆ ముసలాయన ఏడుస్తుంటే సరసంతా ఏడ్చింది.

అందుకే ముత్తేరులో ఈనాటికీ కుండలకు మూత వేసే ముందు కుండల పెద్ద చెప్పులు విడిచి మోకాలి లోతు నీళ్లలోకి దిగుతాడట. "నీళ్ల మీద ఇంకెవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు పిలుస్తాడట. గవ్వలన్నీ అయిపోయినా పిలుస్తాడు. వాన పడుతున్నా పిలుస్తాడు. జవాబు రాదని తెలిసినా పిలిచి, చెవి ఒగ్గి నిలబడతాడు.

ఒక్కసారి మాత్రం జవాబు వచ్చిందట.

మూడో పిలుపు కూడా అయిపోయింది. పెద్దాయన వెనక్కి తిరగబోతున్నాడు. మంచులోంచి ఒక ఆడపిల్ల గొంతు, "ఉన్నానండీ! ఆగండీ!" అంది. బాతులు మేపుకుంటూ ఊరూరా తిరిగే పిల్ల. ఆ ఏడే పద్దెనిమిదో వాన చూసింది. నడుం లోతు నీళ్లలో బాతుల్ని అదిలించుకుంటూ, పడుతూ లేస్తూ వస్తోంది.

కుండల పెద్ద ఒడ్డు వైపు తిరిగి, చేతుల్లో మూతలు పట్టుకుని నిలబడ్డవాళ్లతో, "కింద పెట్టండి," అన్నాడట.