నాలుగొందల పదహారో బంతి

ఆదివారం నాడు గ్రేడీ రికార్డు పోయింది. సోమవారం పొద్దున్నే కారు తీసి, మూడు గంటలు తానే నడుపుకుంటూ తన పాత కోచ్ ఆమోస్ ఇంటికి బయల్దేరాడు. పక్క సీట్లో ఒక గాజుపెట్టె. ఎక్కడ పగిలిపోతుందోనని దానికి సీటుబెల్టు కూడా పెట్టాడు మహానుభావుడు.

ఏమిటా రికార్డు అంటారా? అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్ మనం ఆడేది కాదు లెండి. అక్కడ ఆడేదంతా చేతుల్తోనే. బంతి కూడా గుండ్రంగా ఉండదు, ఒలవని కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. జట్టులో ఒకడు నిలబడి దాన్ని విసురుతాడు. ఇంకొకడు శత్రువుల మధ్యలోంచి పరిగెత్తి, చివరి గీత అవతల దాన్ని పట్టుకుంటాడు. అదే టచ్‌డౌన్. ఆడినన్నాళ్ళలో అలాంటివి ఎవరు ఎక్కువ విసిరితే వాడే రాజు. గ్రేడీ నాలుగొందల పదహారు విసిరాడు. పంతొమ్మిదేళ్ళు ఆ అంకెని ఎవరూ అందుకోలేకపోయారు. ఆ పంతొమ్మిదేళ్ళూ అతను హోటల్‌కి వెళ్తే బిల్లు తెచ్చినవాడు లేడు, వీధిలో నడిస్తే పలకరించనివాడు లేడు. నిన్న ఎవరో ముప్పై నాలుగేళ్ళ కుర్రాడు నాలుగొందల పదిహేడోది విసిరేశాడు. ఈరోజు పెట్రోలు బంకులో మనిషి గ్రేడీ ముఖంకేసి చూసి, మళ్ళీ పంపుకేసి తిరిగాడు. అంతే, ప్రాణం ఉసూరుమంది.

ఆమోస్‌కి ఎనభై నాలుగేళ్ళు. మాట తక్కువ మనిషి. ఇరవై రెండేళ్ళ వయసులో గ్రేడీకి బంతి ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే. భార్య పోయాక చెల్లెలు అయిడాతో కలిసి, మూతపడిన ఉక్కు కర్మాగారం వెనక ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాడు. గ్రేడీ వెళ్ళేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ పెరట్లో రాలిన ఆకులు ఊడుస్తున్నారు.

"చూశారా కోచ్, నిన్నటి ఆట?"

"చూశాను. బాగా విసిరాడు కుర్రాడు."

గ్రేడీకి చురుక్కుమంది. గాజుపెట్టె తెచ్చి మెట్టు మీద పెట్టాడు. లోపల బంతి, దాని మీద బంగారు రంగుతో 416.

"విసరొచ్చు, కాదనను. కానీ ఇలాంటిది ఒక్కటి విసిరాడా? మీరే చెప్పండి. నలుగురు మీద పడుతుంటే, మధ్యలో, అంతెత్తున. సూది మొనంత సందు కోచ్! నా జీవితంలో అంత సరిగ్గా ఇంకోటి వెయ్యలేదు."

ముసలాయన బంతికేసి ఒకసారి చూసి, మళ్ళీ ఆకులు ఊడ్చుకున్నాడు.

ఆ బంతి సంగతి ఇద్దరికీ తెలుసు. అది గ్రేడీ ఆడిన చివరి ఆట. అప్పటికి నాలుగొందల పదిహేను దగ్గర, పాత రికార్డుతో సమానంగా ఆగి ఉన్నాడు. ఆట అప్పటికే గెలిచేశారు, ఇంకా నిమిషం ఉంది. బంతి పట్టుకుని నేలమీద మోకాలు ఆనించు, గడియారం తిరిగి ఆట దానంతటదే అయిపోతుంది అని గీత బయటినుంచి ఆమోస్ సైగ చేశాడు. గ్రేడీ ఆ సైగ చూశాడు. చూసి, ఆటగాళ్ళ వెనక నిలబడి సొంతంగా వేరే ఎత్తు కేకేశాడు. విసిరేవాడికి ఆ హక్కు ఉంటుంది. కేకేస్తే మిగతా పదిమందీ మారు మాట్లాడకుండా పరిగెత్తాల్సిందే.

అలా పరిగెత్తి పట్టుకున్నవాడు లోనీ. గ్రేడీకి ప్రాణస్నేహితుడు, పెళ్ళిలో తోడు నిలబడ్డవాడు. బంతి తల కంటే బాగా ఎత్తులో వచ్చింది. లోనీ రెండు చేతులూ చాచి గాల్లోకి లేచాడు. పక్కనించి ఒకడు వచ్చి గుద్దాడు. తల నేలకి కొట్టుకుంది. బంతి మాత్రం వదల్లేదు. స్టేడియం అంతా గ్రేడీని భుజాల మీదికి ఎత్తుకుంటే, లోనీ నాలుగు నిమిషాలు లేవలేదు.

ఆ తర్వాత లోనీ ఇంకో మూడేళ్ళు ఆడాడు, ఇంకా దెబ్బలు తిన్నాడు. ఏ దెబ్బ ఏం చేసిందో డాక్టర్లే చెప్పలేకపోయారు. ఆరేళ్ళ కిందట మొదట తాళంచెవులు మర్చిపోయాడు, తర్వాత ఇంటిదారి. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి గ్రేడీ ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు. పువ్వులు పంపేవాడు. లోనీ భార్య వెర్నా మూడు ఉత్తరాలు రాసి, ఇక మానేసింది.

"ఇప్పుడు ఎవరిని అడిగినా ఆ కుర్రాడి పేరే చెప్తారు," అన్నాడు గ్రేడీ. "కనీసం మీరైనా అనండి కోచ్. ఆ పాస్ సరైనదేనని."

"లోనీ ఎలా ఉన్నాడు?"

గ్రేడీ ముఖం తిప్పుకున్నాడు. "వాడు చూసుకోలేదు కోచ్. నేను ఎన్నిసార్లు ఆ వీడియో చూశానో! పక్కనించి వస్తున్నవాణ్ణి చూసుంటే చేతులు దించేసేవాడు. బంతి పోయేది, పోతే పోయింది. పాస్‌లో తప్పు లేదు."

"చూశాడు," అన్నాడు ఆమోస్.

గాజుపెట్టె మూత తీసి బంతిని బయటికి తీశాడు. పంతొమ్మిదేళ్ళకి గాలంతా పోయి మెత్తబడి ఉంది. షెడ్డులోంచి పంపు తెచ్చి గాలి కొట్టడం మొదలుపెట్టాడు. గ్రేడీ గాభరాపడ్డాడు.

"అయ్యయ్యో, అది రికార్డు బంతి కోచ్!"

"రికార్డు నిన్న పోయిందిగా. ఇప్పుడు ఉత్త బంతే."

అయిడా కిసుక్కున నవ్వి, అన్నగారి ముఖం చూసి నోరు మూసుకుంది.

"అక్కడ నిలబడు," అన్నాడు ఆమోస్ గ్రేడీతో. "నేను వేస్తాను, నువ్వు పట్టుకో."

"నేనా? పట్టుకోవడం నాకెక్కడ అలవాటు కోచ్?"

"తెలుసు. నిలబడు."

ఎనిమిది అడుగుల దూరం నుంచి ముసలాయన బంతి ఎత్తుగా వేశాడు. గ్రేడీ రెండు చేతులూ పైకెత్తి, మునివేళ్ళ మీద లేచాడు. సరిగ్గా అప్పుడే, అన్నగారు కళ్ళతో చెప్పినట్టు, అయిడా చీపురుకర్ర కొసతో అతని డొక్కలో ఒక్క పోటు పొడిచింది. గట్టిగా ఏం కాదు. అయినా గ్రేడీ కెవ్వుమన్నాడు. బంతి ఆకుల్లో పడింది.

"ఏమిటిది అయిడా!"

"నన్నడుగుతావేం, మీ కోచ్‌ని అడుగు."

"మళ్ళీ," అన్నాడు ఆమోస్.

రెండోసారి చేతులు పైకి లేచాయి గానీ, ఒళ్ళు అప్పటికే మెలి తిరిగింది. కర్ర మళ్ళీ అక్కడే తగిలింది. చేతులు పైకెత్తితే డొక్కలు రెండూ ఎంత బోసిగా ఉంటాయో యాభై ఏడేళ్ళ గ్రేడీకి అప్పుడు తెలిసింది. వేలసార్లు బంతి విసిరినవాడు, ఆ చోట ఒక్కసారీ నిలబడలేదు.

"మళ్ళీ."

మూడోసారి బంతి చక్కగా, తేలిగ్గా వచ్చింది. చిన్నపిల్లలైనా పట్టుకుంటారు. గ్రేడీ చూపు మాత్రం బంతి మీద లేదు, పక్కనున్న కర్ర మీద ఉంది. అయిడా దాన్ని అంగుళం కూడా కదపలేదు. అయినా అతని చేతులు వాటంతటవే కిందికి వచ్చి డొక్కల్ని కప్పుకున్నాయి. బంతి తల మీదుగా వెళ్ళి కంచెకి కొట్టుకుంది.



"లోనీ దించలేదు," అన్నాడు ఆమోస్.

గ్రేడీ ఆకుల మీదే చతికిలబడ్డాడు. ముఖం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు, పెద్దవాడినన్న సిగ్గు కూడా లేకుండా. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్న వీడియోలో లోనీ మెడ ఒక్క క్షణం పక్కకి తిరగడం అతను రోజూ చూస్తూనే ఉన్నాడు. వస్తున్నవాణ్ణి లోనీ చూశాడు. చూసి కూడా చేతులు పైనే ఉంచాడు.

అయిడా చీపురు కంచెకి చేరేసి, లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. ఆమోస్ బంతి తెచ్చి అతని ఒళ్ళో పెట్టాడు.

"లోనీ దగ్గరికి నేను గురువారాలు వెళ్తుంటాను. ఇక్కడికి పన్నెండు వీధులు. సోమవారమైనా తలుపు తీస్తారు."

వెర్నా తలుపు తీసింది. గ్రేడీని చూసి చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. జుట్టు సగం పైగా నెరిసిపోయింది.

"ఇప్పుడా రావడం?" అంది. "పోయినేడు వచ్చి ఉంటే నిన్ను గుర్తుపట్టేవాడు గ్రేడీ. రోజూ అడిగేవాడు."

ఆమె పక్కకి జరిగి దారి ఇచ్చింది.

లోనీ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. శుభ్రంగా గడ్డం గీసి ఉంది, చొక్కా గుండీలన్నీ పెట్టి ఉన్నాయి. మనిషి చిక్కిపోయాడు, చేతులు మాత్రం ఆ పెద్ద చేతులే. గ్రేడీ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, దారంతా మనసులో కూర్చుకున్న మాట మొదలుపెట్టాడు.

"లోనీ, నేను నీకు..."

"రండి, రండి. మీరు కుర్చీలో కూర్చోండి," అన్నాడు లోనీ.

జీవితమంతా 'ఒరేయ్' అని పిలిచిన నోరు అది. గ్రేడీ లేచి కుర్చీలో కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తెలియక బంతి అందించాడు. లోనీ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. బంగారు అంకె మీద చెయ్యి వేశాడు గానీ చదవలేదు. బొటనవేళ్ళతో నొక్కి చూసి తల ఆడించాడు.

"గాలి బాగా పట్టించారు. మీరు జట్టు మనుషులా?"

"అవును."

"అయితే గ్రేడీ తెలిసుండాలి మీకు."

"తెలుసు."

లోనీ గుమ్మంకేసి చూసి, వెర్నాకి వినపడకూడదన్నట్టు ముందుకు వంగాడు.

"వాడు రావట్లేదండీ. నేను పడ్డానని బెంగ పెట్టుకున్నట్టున్నాడు. వాడంతే, పైకి చెప్పడు. మీరు కనిపిస్తే ఒక మాట చెప్పండి. బంతి ఎత్తుగా వచ్చిందని నేనేమీ అనుకోలేదని చెప్పండి. వాడు వేశాక నేను పట్టకుండా ఉంటానా?"



"చెప్తాను," అన్నాడు గ్రేడీ.

"మర్చిపోకండి," అన్నాడు లోనీ.