సత్తు మూతకు చిల్లులు

మౌలాలి చేతిలో రెండో బిట్టు కూడా విరిగింది.

విరిగిన ముక్క మూతలోనే ఇరుక్కుపోయింది. దాన్ని వేలితో తడిమి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాడు. కొట్టం గడప మీద ఇమామప్ప తాత కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. ఆ ఎత్తకపోవడం చూసి మౌలాలికి ఒళ్ళు మండింది. చూసే ఉంటాడు, చూడనట్టు ఉన్నాడు అనుకున్నాడు.

పత్తికొండ దాటి గుట్టల్లోకి పోతే అక్కడొక పీరు సమాధి ఉంది. దానికి రోజూ దీపం పెట్టుకుంటూ, వచ్చినవాళ్ళ కష్టం వింటూ, ఇమామప్ప తాత ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. దూదేకుల మనిషి. డెబ్బై ఆరేళ్ళు. ఎడమ కంట్లో పొర వచ్చింది. నీళ్ళ చెంబు అందుకుంటే చెయ్యి వణికి సగం నీళ్ళు ఒలికిపోతాయి. ఆయన దగ్గర ఆ పీరు మార్గం నేర్చుకుందామని వచ్చి ఉండిపోయినవాళ్ళు ఇద్దరు. మౌలాలి వచ్చి మూడేళ్ళయింది. ఈరన్న వచ్చి ఆరు నెలలు.

ప్రతి గురువారం అక్కడికి వచ్చినవాళ్ళందరికీ అన్నం పెడతారు. పెద్ద డేగిశాలో అన్నం ఉడికించి, మూత అడ్డం పెట్టి గంజి వంచుతారు. పోయిన వారం మూత జారింది. కాగే గంజి వంటమనిషి హుసేనమ్మ చేతి మీద పడి, మోచేతి దాకా బొబ్బలెక్కింది. అందుకని తాత కొత్త మూత ఒకటి తెప్పించాడు. సత్తు మూత. ఆ పక్క అల్యూమినియాన్ని సత్తు అనే అంటారు. దానికి ఒక వైపున నూటయాభై చిల్లులు వెయ్యాలి, బియ్యపు గింజ దూరనంత సన్నవి. అప్పుడు మూతను తాడుతో డేగిశాకు బిగించి వంచుకోవచ్చు. గంజి పోతుంది, మెతుకు నిలుస్తుంది, చెయ్యి కాలదు.

ఆ పని ఇద్దరికీ చెప్పాడు. దానికి ఉన్న సరంజామా ఏమంత గొప్పది కాదు. ఒక మేకు, ఒక చిన్న సుత్తి, పిడి తిప్పి చిల్లులు వేసే చేతి బరమా, దానికి మూడు సన్న బిట్లు, సీసాలో అడుగున ఇంత కిరసనాయిలు. రెండు ఇటుకల మీద మూత బోర్లించి, కింద వేపచెక్క పెట్టుకున్నారు.

మొదటి చిల్లు తాతే వేసి చూపించాడు. మేకుతో చిన్న గుంత కొట్టాడు. రెండు చుక్కలు కిరసనాయిలు వేశాడు. బిట్టు మొన ఆ గుంతలో కూర్చోబెట్టి పిడి తిప్పాడు. అలా తిప్పుతూ పెదవులు కదిలించాడు. ఏదో గొణిగాడు. నాలుగు చుట్లు తిప్పి, బిట్టు పైకెత్తి, చిల్లు మీద "ఉఫ్" అని ఊదాడు. మళ్ళీ గొణిగాడు, మళ్ళీ ఊదాడు. చిల్లు పడింది. అంచు మీద వేలు పెడితే గరుకు లేదు.

ఈరన్న తాత చేతులు చూశాడు. మౌలాలి తాత పెదవులు చూశాడు.

చూడక ఏం చేస్తాడు? మౌలాలి ఇంట్లో అతని సొంత తాతగారు తేలు కుట్టినవాళ్ళకు మంత్రం వేసేవాడు. ముందు పెదవుల్లో చదవడం, తర్వాత ఊదడం. చిన్నప్పటి నుంచీ మౌలాలి చూసిన పద్ధతి అదే. ఒక కన్ను కనపడని ముసలాయన, వణికే చేత్తో, అంత సన్నటి బిట్టు విరక్కుండా సత్తులో దించాడంటే ఆ పని చేతిది కాదు, మంత్రానిది. అది తాత పైకి చదవలేదు. లోపల చదివాడు. ఎందుకు లోపల? మౌలాలి వినకుండా.

మౌలాలి ఇలా అనుకోవడానికి ఒక కారణం ఉంది. ఆదోనిలో సైకిలు షాపులో పని నేర్చుకునేటప్పుడు, అక్కడి మేస్త్రీ అన్నీ నేర్పాడు, చక్రం వంపు తీయడం తప్ప. ఆ పని వచ్చినప్పుడల్లా వీపు ఇటు తిప్పి కూర్చునేవాడు. ఆరేళ్ళు మౌలాలి చూసింది ఆ వీపే. నేర్పేవాడెవడైనా సరే ఒకటి దాచుకుంటాడని అప్పుడు మనసులో నాటుకుపోయింది.

పైగా నిన్న పొద్దున ఇంకొకటి జరిగింది. తాత ఈరన్న దగ్గరికి పోయి, భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పాడు. ఈరన్న తల ఊపాడు. ఆ తర్వాత కూర్చుని, ఒక్క బిట్టుతో పన్నెండు చిల్లులు వేశాడు. అదే బిట్టు మౌలాలి తీసుకుంటే మూడో చుట్టుకే టప్పుమంది.

మౌలాలి ఈరన్నను పక్కకు పిలిచాడు.

"తాత నీ చెవులో ఏం చెప్పినాడు?"

"అదేనన్నా, మెల్లగ తిప్పమన్నాడు."

"మెల్లగ తిప్పమనేదానికి చెవులో చెప్పల్నా?"

"నాకు ఈ పక్క చెవి పనిచేయదు గదన్నా. ఇరవై ఏండ్లు మగ్గాల షెడ్డులో ఉంటి. ఆ చప్పుడుకు పోయింది." ఈరన్న నవ్వాడు. "ఆరు నెల్లయింది నా పక్కన పండుకోబట్టి. నీకు తెలీదా?"

మౌలాలికి తెలీదు. తెలీదని ఒప్పుకోవడం కన్నా, ఈరన్న అబద్ధమాడుతున్నాడనుకోవడం సులభంగా తోచింది. చెవిటివాడైతే నేనడిగింది ఎట్లా వినపడింది? ఇంకో చెవి ఉంది కదా అని గుర్తొచ్చినా, ఆ మాట మీద మనసు నిలవనివ్వలేదు.

ఈరోజు పొద్దున ఈరన్న నీళ్ళకు పోయిన వేళ చూసి, ఒక్కడే బరమా ముందు కూర్చున్నాడు. తాత మంత్రం తెలియకపోతే ఏం, ఇంటి మంత్రం ఒకటి ఉంది కదా. తాతగారి తేలుమంత్రం గుర్తు తెచ్చుకుని, బిట్టు మీద మూడుసార్లు చదివి, మూడుసార్లు ఊది, పళ్ళు బిగబట్టి భుజం బరువంతా వేసి తిప్పాడు.

అలా విరిగిందే ఆ రెండో బిట్టు.

ఇంక ఉన్నది ఒకటి. గురువారం రేపే. చిల్లులు పడినవి ఇరవై కూడా లేవు. ఇది కూడా విరిగితే బిట్టు కోసం పత్తికొండకు పోయి రావడం, ఆ లోపల హుసేనమ్మ కట్టు కట్టిన చేత్తో పాత మూతే పట్టుకోవడం. అదంతా మౌలాలికి తెలుసు. కానీ మనసు అక్కడ లేదు. ఈ రోజు తేలిపోవాలి అనుకున్నాడు. చదివేదేదో తాత చెప్తే ఉంటాను, చెప్పకపోతే సంచి తీసుకుని ఆదోని బస్సెక్కుతాను. మూడేళ్ళు చాలు.

లేచి గడప దగ్గరికి పోయాడు.

"ఏం మౌలాలీ, విరిగిందా?" అన్నాడు తాత, గోళ్ళ నుంచి తల ఎత్తకుండా.

"విరిగేటిదే ఇచ్చినారు గద తాతా నాకు."

"మూడూ ఒక పొట్లంలో వచ్చినాయి. పొట్లం విప్పింది నువ్వేనప్పా."

"బిట్టు మాట కాదు నేనంటాండేది."

"మరేంది?"

"మూడేండ్లు తాతా. మీ పొయ్యి ఊదినా, మీ బట్టలు ఉతికినా. నేను ఇనుము పని తెలిసినోణ్ణి. సైకిలు చైను విప్పి కట్టినోణ్ణి. నా చేతిలో విరగతాంది, మగ్గం పనోని చేతిలో విరగలే. మీ చేతిలో విరగలే. మీకు కన్నే కనపడదు. ఎట్ల?"

తాత ఒడిలోని గోళ్ళ తుంపులు దులుపుకున్నాడు.

"మీరు నోట్లో ఏందో చదవతాండారు. చదివి ఊదతాండారు. నేను చూసినా. అది వానికి చెప్పినారు, నాకు చెప్పలే. చెప్పేదుంటే ఈ పొద్దు చెప్పండి. లేదంటే నేను పోతా."

పైన గుట్ట మీద మేకలు మే మే మంటున్నాయి. ఈరన్న నీళ్ళ బిందె భుజాన పెట్టుకుని వచ్చి, వీళ్ళిద్దరినీ చూసి, బిందె దించకుండా అక్కడే నిలబడిపోయాడు.

తాత గడప పట్టుకుని లేచాడు. మెల్లగా నడిచి మూత దగ్గరికి పోయి గొంతుకూర్చున్నాడు. విరిగిన ముక్కను సుత్తితో రెండు దెబ్బలు కొట్టి కిందికి రాల్చాడు. మూడో బిట్టు తీసి బరమాకు బిగించాడు. మేకుతో కొత్త గుంత కొట్టాడు.

"రా. కూర్చో."

మౌలాలి కూర్చున్నాడు. తాత బరమా అతని చేతిలో పెట్టాడు. తర్వాత మూత కింద నుంచి వేపచెక్క లాగి పక్కన పడేశాడు. చెక్క ఉన్నచోట తన అరచెయ్యి పెట్టాడు. గుంత కొట్టినచోట, సరిగ్గా దాని కింద, సత్తుకు ఆనించి.

"తిప్పు."

మౌలాలికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మలేదు. ఇందులో ఏదో ఉంది, చేతిలో రేకు ముక్కో ఏదో పెట్టుకుని ఉంటాడు అనుకున్నాడు. వంగి, చెంప నేలకు ఆనించి, మూత కింద చూశాడు. రేకు లేదు, గుడ్డ లేదు. ముడతలు పడిన అరచెయ్యి, వేళ్ళ మొదళ్ళలో కాయలు, అంతే. అలా వంగినవాణ్ణి తాత చూస్తూ ఊరికే ఉన్నాడు.

"తీయండి తాతా చెయ్యి."

"తిప్పు."

"దిగితే?"

"దిగుతుంది."

మౌలాలి ఈరన్న వైపు చూశాడు. ఈరన్న బిందె కిందికి దించాడు.

మౌలాలి బిట్టు మొన గుంతలో కూర్చోబెట్టాడు. ఒక చుట్టు తిప్పాడు. ఆపాడు. రెండు చుక్కలు కిరసనాయిలు వేశాడు. రెండు రోజులుగా పక్కనే ఉన్నా ఆ సీసా మూత అతను తీయలేదు. మళ్ళీ తిప్పాడు. ఎప్పుడూ వేసే భుజం బరువు ఇప్పుడు వెయ్యలేదు. బరమా బరువు బరమాదే. పిడి తిరుగుతుంటే సన్నటి చప్పుడు వస్తోంది. సత్తుకు అటువంటి చప్పుడు ఉందని అతనికి ఇప్పుడే తెలిసింది. ఉంగరాల్లా చుట్టుకుని తెల్లటి తరుగు పైకి వస్తోంది. బిట్టు పైకెత్తాడు. తరుగు గుంతలో ఉంటే ఎంత లోతు పోయిందో కనపడదు కదా, వంగి ఊదాడు. చూశాడు. మళ్ళీ మొన పెట్టాడు.

చెమట కనురెప్ప మీదికి జారింది. తుడుచుకోలేదు.

"తగలతాందా తాతా?"

ఇంక ఎంత మందం మిగిలిందో చెప్పేవాడు లేడు. మౌలాలి సగం చుట్టు తిప్పి ఆపాడు. విన్నాడు. పావు చుట్టు తిప్పాడు. చప్పుడు పలచబడింది. వేళ్ళ కింద పిడి, చెప్పలేనంత కొంచెంగా వదులైంది. పైకి లాగేశాడు.

కిందినుంచి వెలుతురు రాలేదు. చిల్లు పడి ఉంది, దానికి అడ్డంగా తాత అరచేతి చర్మం ఉంది.

తాత చెయ్యి బయటికి తీసి తిప్పి చూపించాడు. మధ్యలో సూదిమొన తాకినట్టు ఒక తెల్ల చుక్క. నెత్తురు లేదు. మౌలాలి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని, చాలాసేపు వదల్లేదు.

"ఏం చదివినావు?" అన్నాడు తాత.

"నేనా?"

"పెదవులు కదిలినాయి."

"అవునన్నా, నేను గూడ చూస్తి," అన్నాడు ఈరన్న, రెండడుగులు ముందుకు వచ్చి. "గొణిగినావు. ఊదినావు గూడ. ఏంది అది? నాకు చెప్పలేదే తాత!"

మౌలాలి నోరు తెరిచాడు. తేలుమంత్రం కాదు. పీరు పేరు కాదు. ఏమన్నాడో వెతుక్కున్నాడు, దొరకలేదు.

తాత పక్కనే మేకుతో మరో గుంత కొట్టాడు. సుత్తి రెండుసార్లు పక్కకు పోయింది, మూడోసారికి తగిలింది. బరమా అందుకున్నాడు. గుంత ఎక్కడుందో వేలితో తడుముకుంటూ, కనపడే కన్నును దాని మీదికి వంచాడు. చెయ్యి వణుకుతోంది.

"ఇప్పుడు నీ చెయ్యి పెట్టు."

మౌలాలి ఆ వణుకు చూశాడు. ఆ కంటి పొర చూశాడు. వేపచెక్క చేతికందే దూరంలోనే ఉంది. దాని వైపు ఒకసారి చూసి, చెయ్యి మూత కిందికి పోనిచ్చాడు. కిరసనాయిలు తడి, సత్తు చల్లదనం అరచేతికి తగిలాయి. పైన బిట్టు మొన గుంతలో కూర్చున్న చప్పుడు వినపడింది.

"తాతా, కొంచెం..."

తాత పిడి ఆపాడు. "ఏమో అనబోయినావు?"

మౌలాలి అరచేతిని ఇంకొంచెం పైకెత్తి సత్తుకు ఆనించాడు.

"ఏం లేదు తాతా. తిప్పండి."