చల్లారిన గుట్ట

ఓడ దిగినప్పటి నుంచి జిలానీకి కంటి మీద కునుకు లేదు.

అతనిది ఓ గనుల కంపెనీ ఓడలో ఉద్యోగం. తాడు కట్టిన యంత్రాన్ని నడిసముద్రం అడుక్కి దింపి, దాని కెమెరాతో ఎవరూ చూడని చోట్లు చూస్తాడు. అంత లోతు చూసినవాడు కంపెనీలో ఇంకొకడు లేడు. ఆ మాట ఎవరన్నా అంటే జిలానీకి లోలోపల గర్వంగానే ఉండేది.

అక్కడ నేల చీలి, సలసల కాగే నల్లటి నీళ్ళు పొగలా చిమ్ముతుంటాయి. ఆ నీళ్ళలోని లోహాలు పేరుకుని రాతి గుట్టలవుతాయి. వాటి మీద కళ్ళు లేని తెల్ల రొయ్యలు గుంపులుగా ముసురుకుని ఉంటాయి. పాదానికి ఇనుప పొలుసులున్న నత్తలుంటాయి. ఎండ పొడ ఎరగని బతుకులు. మనకి విషమైనదాన్ని తిని పెరిగే సూక్ష్మజీవులే వాటికి అన్నం.

కంపెనీకి కావలసింది ఆ గుట్టల్లోని రాగి, బంగారం. పొగ చిమ్మేవాటి జోలికి పోమని చెప్పారు. పక్కనే చల్లారిపోయిన గుట్ట ఒకటుంది.

"అది చచ్చిన గుట్ట. కోస్తే ఎవరికి నష్టం? నువ్వు చూశావుగా, అక్కడ ప్రాణమున్నదేదీ లేదని ఒక్క మాట చెప్పు చాలు. ఇవాళ చెప్తే రేపే ఓడ కదులుతుంది" అన్నాడు పై అధికారి.

ఆ మాట అనడానికి భయమేసి, ఆలోచించి చెప్తానన్నాడు జిలానీ. తిన్నగా బస్సెక్కి సముద్రపు ఒడ్డున ఉన్న దర్గాకి వచ్చాడు. చిన్నప్పటి నుంచి అతనికి మంచీ చెడూ చెప్పిన గురువు ఖుద్రతుల్లా షా అక్కడే ఉంటారు.

షా దర్గా వెనక నీడన నిలబడి ఉన్నారు. పాతకాలపు ఫకీర్లు రోజుల తరబడి ధ్యానం చేసిన నేలమాళిగ గది ఒకటుంది అక్కడ. ఉప్పునీరు ఊరుతోందని దాన్ని మూసేస్తున్నారు. తాపీమేస్త్రీ కోటయ్య సిమెంటు కలుపుకు రావడానికి బావి దగ్గరికి వెళ్ళాడు.

జిలానీ జరిగిందంతా చెప్పాడు. "ఉందో లేదో తెలియని ప్రాణం కోసం నాకెందుకు బాబా ఇంత భయం? నేను కాదంటే ఇంకొకడు ఔనంటాడు. అయినా నేను చూశాను. దీపం వేసి, కెమెరా ఒక చుట్టు తిప్పి చూశాను. ఏదీ కదల్లేదు. నా కంటే బాగా ఎవరు చూస్తారు?"

షా చేతిలో జపమాల ఆగింది.

"మూసేలోపు నువ్వూ కాసేపు లోపల కూర్చుని రా, బేటా. నేను పిలిచేదాకా బయటికి రాకు."

జిలానీ మెట్లు దిగాడు. గది కుడివైపుకి మలుపు తిరిగింది. ఆ మూలన, చెమ్మగోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి ఎదురుగోడ మీద టార్చి వెలుగు పడింది. ఒక్కసారి అటూ ఇటూ తిరిగి ఆరిపోయింది.

"లోపల ఎవరూ లేరు, కోటయ్యా. కట్టెయ్." బాబా గొంతే.

పరాచికమనుకుని నవ్వుకున్నాడు జిలానీ. తాపీ ఇటుకని గీరిన చప్పుడు వినిపించింది. తడి సిమెంటు వాసన వచ్చింది. ఇంకో ఇటుక. ఇంకొకటి. పిలిచేదాకా రావద్దన్నారుగా అని ఓర్చుకున్నాడు. మెట్ల మీది వెలుతురు సన్నబడసాగింది.

బాబా పెద్దవారైపోయారు. మరిచిపోయారేమో!

చివాలున లేచాడు. ఊపిరంతా కూడదీసుకున్నాడు.

"ఆపండి! నేనున్నాను! లోపల నేనున్నాను!"

పడుతూ లేస్తూ మెట్లెక్కాడు. నడుమెత్తు లేచిన పచ్చిగోడని తోసుకుని బయటపడ్డాడు. ఇటుకలు దొర్లాయి. కోటయ్య తాపీ జారవిడిచాడు.

"అయ్యబాబోయ్, మనిషున్నాడు! ఎవరూ లేరన్నారు కదయ్యా!"

షా చేతిలో టార్చి ఉంది. "చూశాను కదా. ఒక చుట్టు తిప్పి చూశాను. ఏదీ కదల్లేదు."

"నేను మూల తిరిగి కూర్చున్నాను బాబా! మీ వెలుగు అక్కడిదాకా వస్తుందా!"

అనేసి, జిలానీ ఆగిపోయాడు. దొర్లిన ఇటుకల మీదే కూర్చున్నాడు. షా కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చారు. గుటకలు వేస్తుండగానే జేబులో ఫోను మోగింది. పై అధికారి.

"ఏమంటావు జిలానీ? అక్కడేమీ లేనట్టేగా?"

"నాకు తెలీదు సార్. ఇంకా చూడలేదు."

అవతల కేకలు మొదలయ్యాయి. కోటయ్యకి కూడా వినిపించాయి. చివరికి ఆ మనిషే ఫోను పెట్టేశాడు.

జిలానీ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నా కొలువు పోయింది బాబా. రేపు ఇంకొకణ్ణి కూర్చోబెట్టి ఆ మాట చెప్పిస్తారు. ఇక నేనేం చెయ్యగలను?"

షా అతని భుజం మీద అంటిన సిమెంటు దులిపారు.

"ఇందాక నీ కోసం అరిచావు. గొంతు ఇంకా ఉందిగా" అన్నారు.