కెజియా చేతులు

కెజియాకి ఒకటే దిగులు. వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి, సలోమమ్మగారు మాత్రం ఇంతవరకూ ఒక్క మంచి మాట అనలేదు.

సలోమమ్మగారంటే బందరులో ఆ వీధికంతటికీ గురువు. ఏటా వేసవిలో తన ఇంటి వెనక వరండాలో పిల్లలకి బిస్కెట్లూ కేకులూ కాల్చడం నేర్పేవారు. ఇసుక పోసిన పెద్ద గుండిగ, కింద బొగ్గుల కుంపటి, మూత మీద నిప్పులు, అంతే ఆవిడ సరంజామా. ఆ వరండాలో మైదా జల్లించకుండా పెద్దయిన పిల్ల ఆ వీధిలో లేదు. కెజియా కూడా అక్కడ నేర్చుకున్నదే. ఇప్పుడు ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఈ వేసవికి నువ్వు నేర్పు, నాకు నచ్చితే ఇకమీదట క్లాసు నీదే అన్నారు. ఊహ తెలిసినప్పటినుంచీ కెజియా కోరుకున్నది అదొక్కటే.

ఆ పిల్ల పనితనానికి వంక పెట్టడానికి లేదు. పిండిముద్ద ఆమె చేతిలో చెప్పిన మాట వింటుంది. చిక్కల్లా ఏమిటంటే, పిల్లల చేతుల్లో వినదు. హనీఫ్ ఉండ చేస్తే కోడిగుడ్డులా వచ్చేది. నిస్సీ బొటనవేలితో నొక్కితే ఉండ కాస్తా అప్పడమయ్యేది. చూస్తూ ఊరుకోవడానికి కెజియాకి ప్రాణం ఒప్పేది కాదు. ఇటియ్యి నాన్నా అని తీసుకుని, ఒక్క తిప్పు తిప్పి, ఒక్క నొక్కు నొక్కి పళ్లెంలో పెట్టేది. పిల్లలూ హాయిగా ఇచ్చేసేవాళ్లు. పని తప్పుతుందంటే ఎవరికి చేదు?

ఒకరోజు సలోమమ్మగారు లోపల్నించి వచ్చి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

గుండిగ మూత తీసేసరికి యాలకుల వాసన వీధి చివరిదాకా పోయింది. పళ్లెం నిండా నాన్‌ఖటాయి బిస్కెట్లు, అన్నీ ఒకే అచ్చులో తీసినట్టున్నాయి. కెజియాకి కాళ్లు నేల మీద నిలవలేదు. ఒక్కటన్నా వంకరుందేమో చూడండి, పైగా మన పిల్లలు నాదంటే నాదని కొట్టుకోరు కూడా అని గొప్పగా చెప్పుకుంది.

సలోమమ్మగారు పిల్లల వైపు తిరిగారు. "ఎవరు చేసినవి వాళ్లు తీసుకోండర్రా."

ఒక్కరూ కదల్లేదు. పళ్లెం వంక చూశారు, ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. చివరికి నిస్సీ కెజియా చున్నీ పట్టుకుని లాగింది.

"అక్కా, నావి ఏవి?"

సలోమమ్మగారు ఒక బిస్కెట్టు తీసుకుని కొరికి, బాగుందమ్మాయ్ అని లోపలికి వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన మాట అదే. తీరా చెవిన పడ్డాక కెజియాకి అది చేదుగా ఉంది.

ఆఖరి రోజున పిల్లల తల్లులు వచ్చి చూడటం ఆనవాయితీ. ఆ రోజు ఎవరి బిస్కెట్లు వాళ్లచేతే చేయించాలని కెజియా గట్టిగానే అనుకుంది. అనుకోవడానికేం! హనీఫ్ మొదటి ఉండ పట్టుకున్నాడో లేదో, ఆమె చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

సరిగ్గా అప్పుడే సలోమమ్మగారు తన మనవణ్ణి, ఇంకా పాకుతున్న వాణ్ణి, తెచ్చి కెజియా చంకలో పెట్టారు. వాళ్లమ్మ కుంపటి రాజేస్తోంది, నాకు మోకాళ్లు, వీణ్ణి కాస్త ఎత్తుకో అని చెప్పి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు.

వాడు మహా గడుగ్గాయి. దింపితే ఏడుపు, ఒంటిచేత్తో పట్టుకుంటే జారుడు. రెండు చేతులూ వాడికే సరిపోయాయి. కెజియాకి నోరొక్కటే మిగిలింది. నీళ్లు పొయ్యొద్దు, నెయ్యి చాలు అంది. కాలితే వెడల్పవుతాయి, మధ్యలో జాగా వదలండి అంది. చెప్పి చెప్పి ఊరుకుంది. మైదా సగం నేలపాలైంది, పావు జుట్టుపాలైంది. హనీఫ్ ఉండ మళ్లీ కోడిగుడ్డే. నిస్సీ అప్పడం చేసి, మళ్లీ ముద్ద చేసి, మళ్లీ అప్పడం చేసి, ఆఖరికి నాలిక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి మెల్లగా నొక్కింది. అంచులు చీలాయి. అలాగే పళ్లెంలో పెట్టేసింది. కెజియా ప్రాణం విలవిల్లాడింది. ఈ పళ్లెం ఆ తల్లుల కంట పడితే ఇక క్లాసుకి నీళ్లొదులుకోవడమే.

తల్లులు రానే వచ్చారు. మూత తీశారు. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక లేదు. రెండు మాడాయి కూడా. మొన్న ఇంటికి పంపినవి ఎంత చక్కగా ఉన్నాయి, ఇవేమిటి ఇలా ఏడిశాయి అంది నిస్సీ వాళ్లమ్మ. కెజియా తల వంచుకుని, తప్పయిపోయిందని చెప్పబోయింది.

ఈలోగా పిల్లలు పళ్లెం మీద పడ్డారు. అది నాదంటే నాదని ఒకటే రభస. మాడినదాన్ని కూడా ఎవరికీ ఇవ్వనని హనీఫ్ గుప్పిట్లో దాచుకున్నాడు. నిస్సీ ఆ కొట్లాటలోకి దిగలేదు. అంచులు చీలిన తన బిస్కెట్టుని వెతుక్కోకుండానే తీసుకుని, రెండు అరచేతుల్లో పెట్టుకుని వాళ్లమ్మ ముందు నిలబడి గడ్డం పైకెత్తింది.

"ఇది నేనే చేశాను. అక్క చెయ్యి పెట్టలేదు."

వాళ్లమ్మ వంగి, కూతురి చేతుల్లోంచే కొరికింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, నిజమే గానీ, ఆ బిస్కెట్టు నిజంగానే నోట్లో వెన్నలా కరిగింది. ఇంకో ముక్క పెట్టవే అని అడిగి మరీ తింది.

ఆ గుప్పెడంత పిల్ల పొగరు చూసి కెజియాకి కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. తన చేత్తో చేసిన ఏ బిస్కెట్టుకీ ఎప్పుడూ అంత అనిపించలేదు. కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

అందరూ వెళ్లాక సలోమమ్మగారు లేచి వచ్చి మనవణ్ణి అందుకున్నారు. చేతులు లాగుతున్నాయా అని అడిగారు. బాగా లాగుతున్నాయండి అంది కెజియా.

"వచ్చే వేసవికి వీడు పరుగులు పెడతాడు. అప్పుడు నీ చేతులు నువ్వే పట్టుకోవాలి, పంతులమ్మా."